పక్షుల లెక్క రాసే పుస్తకంలోనే చేపల లెక్కా రాయండి: కొల్లేరు అధికారులకు, పరిశోధకులకు బహిరంగ లేఖ

కొల్లేరు సరస్సు గురించి నిర్ణయాలు తీసుకునే అధికారులకు, ఆ సరస్సులో చేపల మీద, నీటిపక్షుల మీద క్షేత్ర పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలకు, వారికి మార్గదర్శకులైన విశ్వవిద్యాలయ ఆచార్యులకు,

నమస్కారాలు.

మేము కొల్లేరు లంక గ్రామాల్లో ఉండే మత్స్యకారులం, ఈ ఊళ్ల బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం, ఏటా జనవరిలో నీటిపక్షుల గణనకు బైనాక్యులర్లు పట్టుకుని వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలం. ఈ లేఖలోని విషయాన్ని ఇంతకుముందే విన్నపాలుగా రాసి సంబంధిత కార్యాలయాల్లో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన నకళ్లు మా దగ్గర ఉన్నాయి గాని, సమాధానం మాత్రం ఏ ఒక్క చోటి నుంచీ రాలేదు. అందువల్ల ఇప్పుడు అందరూ చదివేటట్టు రాస్తున్నాం. ఎండలో, బురదలో దిగి పనిచేసే పరిశోధకుల కష్టం మాకు తెలుసు. వారి పడవలు నడిపేదీ, వలలు ఎత్తేదీ చాలాసార్లు మేమే.

మేము కోరేది ఇది. కొల్లేరులో సహజంగా పెరిగే చేపలను, అక్కడే బతికే నీటిపక్షులను ఒకే ప్రణాళిక కింద, ఒకే చోట్ల, ఏడాది పొడవునా లెక్కించాలి. ఆ లెక్కలను ఎప్పటికప్పుడు తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. ఆ పని జరిగేదాకా సరస్సు హద్దుల విషయంలో గాని, చేపల చెరువుల విషయంలో గాని, వేట ఆంక్షల విషయంలో గాని ‘శాస్త్రీయ గణాంకాల ప్రకారం’ అనే మాటను ఏ పక్షమూ తనకు ఆసరాగా వాడుకోకూడదు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లతోపాటు ఎన్నో మురుగు కాలువలు వచ్చి కలుస్తాయి. మిగులు నీరు సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి పోతుంది. 1970ల్లో మత్స్యకార సహకార సంఘాలకు ఇక్కడ చెరువులు తవ్వి ఇచ్చారు. తరువాతి దశాబ్దాల్లో సరస్సు గర్భంలోకి ప్రైవేటు చెరువుల గట్లు పాకాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో 90,100 హెక్టార్ల ప్రాంతానికి రామ్‌సర్ చిత్తడినేలగా (చిత్తడినేలల పరిరక్షణకు దేశాలు చేసుకున్న ఒప్పందం కింద) అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పగలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే దాదాపు 135 చదరపు కిలోమీటర్లకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తరువాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే కొనసాగించాలని సిఫారసు చేసింది. ఈ చరిత్ర మీకు మాకన్నా బాగా తెలుసు. అయినా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. ఈ నిర్ణయాలన్నింటిలోనూ పక్షి పేరు వినిపించింది, సాగుచేప పేరు వినిపించింది, ఉపాధి మాట వినిపించింది. సరస్సులో తనంతట తాను గుడ్లు పెట్టి పెరిగే కొర్రమీను, ఇంగిలాయి, జెల్ల, పరిగె, బొమ్మిడాయి ఎన్ని ఉన్నాయి, ఎక్కడ తగ్గాయి, ఎప్పుడు తగ్గాయి అనే ప్రశ్న మాత్రం ఏ చర్చకూ కేంద్రం కాలేదు.

రామ్‌సర్ ఒప్పందం దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. ఒక చిత్తడినేలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉందని చెప్పడానికి ఆ ఒప్పందం తొమ్మిది ప్రమాణాలు పెట్టింది. 20,000 లేదా అంతకుమించి నీటిపక్షులకు క్రమంగా ఆశ్రయమివ్వడం వాటిలో ఐదోది. ఏదైనా ఒక నీటిపక్షి జాతి మొత్తం సంఖ్యలో ఒక శాతానికి ఆధారం కావడం ఆరోది. ఏడో, ఎనిమిదో ప్రమాణాలు పూర్తిగా చేపలవే: స్థానిక చేపల వైవిధ్యం, వాటి ఆహారం, గుడ్లు పెట్టే తావులు, పిల్లలు ఎదిగే తావులు, వలస దారులు. గుర్తింపు పొందిన ప్రతి చిత్తడినేల సమాచారాన్ని కనీసం ఆరేళ్లకోసారి తాజాపరచాలని కూడా ఆ ఒప్పందంలోని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. మన దేశంలోని 2017 చిత్తడినేలల నిబంధనలు సైతం ప్రతి చిత్తడినేలకూ దాని పర్యావరణ స్వభావాన్ని వివరించే పత్రం ఉండాలంటున్నాయి. చేపల లెక్క లేకుండా ఆ స్వభావాన్ని ఎలా వివరిస్తారో మాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడు జరుగుతున్న లెక్కింపు సంగతి చూద్దాం. ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. ప్రతి ఏడాది జనవరిలో, స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో అనేక దేశాల్లో దాదాపు ఒకే సమయంలో జరుగుతుంది. వలస బాతులు ఒక ఖండం మేరకు పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అని తెలుసుకోవడానికి అది చాలా విలువైన పని. మేమూ అందులో పాలుపంచుకుంటున్నాం, ఇకమీదటా పాలుపంచుకుంటాం. అయితే జనవరి లెక్క జనవరి సంగతే చెబుతుంది. వర్షాకాలంలో కిక్కిస దుబ్బుల్లో గూడు కట్టే నీలి బొల్లికోడి సంగతి అందులో ఉండదు. వేసవిలో నీరు అడుగంటినప్పుడు మిగిలిన మడుగుల చుట్టూ మూగే పక్షుల సంగతీ ఉండదు. ఆ జనవరి రోజున పొగమంచు పట్టినా, పక్కనే బాణసంచా కాల్చినా, మంద లేచి మరో మూలకు పోతుంది. ఒకే మందను రెండు బృందాలు రెండుసార్లు రాయవచ్చు, లేదా ఎవరూ రాయకపోవచ్చు. ఒక్క రోజు లెక్కలోని ఇలాంటి తేడాను ‘ఈ ఏడాది పక్షులు పెరిగాయి’ అని ప్రకటించడం తొందరపాటు.

చేపల విషయంలో పరిస్థితి ఇంకా అధ్వానం. కాటా దగ్గర తూచిన బరువునే చాలామంది సరస్సు చేపల లెక్క అనుకుంటున్నారు. ఆ కాటా మీదికి చెరువులో మేత వేసి పెంచిన బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ కూడా వస్తాయి. వాటిని వేరు చేసి రాసినా, బరువు ఒక్కటే చాలదు. నిరుడు పది వలలకు పడిన చేప ఈ ఏడు ఇరవై వలలకు పడితే కాటా మీద బరువు మారదు, సరస్సులో చేప మాత్రం సుమారు సగమై ఉండవచ్చు. వల కన్ను (రంధ్రం) చిన్నదైతే బరువు నిలబడుతుంది గాని, ఆ బరువులో ఉండేవి ఇంకా గుడ్డు పెట్టని పిల్లలు. అందుకే ఎన్ని వలలు, ఏ కన్ను, ఎన్ని గంటలు నీటిలో ఉన్నాయి అనే వివరం లేని చేపల లెక్కను లెక్క అనలేం. ఇది మేము కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. మత్స్యశాస్త్రం చదివే విద్యార్థికి మొదట నేర్పే పాఠమే. అలాంటి పాఠం కొల్లేరు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అమలు కాదని అడుగుతున్నాం.

చేపను, పక్షిని విడివిడిగా చూసే అలవాటుకు శాస్త్రంలో ఆధారం కూడా లేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890ల్లో సముద్రపు చేపలకు గుర్తులు కట్టి వదిలి, మళ్లీ పట్టుబడిన వాటిని బట్టి అంచనాలు కట్టే దారి చూపాడు. 1930లో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ లింకన్ అదే తర్కాన్ని కాళ్లకు ఉంగరాలు తొడిగిన బాతులకు వర్తింపజేశాడు. ఇప్పటికీ ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు. వంద చేపలకు గుర్తు పెట్టి వదిలాక, తరువాత పట్టిన వందలో పదింటికి గుర్తు కనిపిస్తే అక్కడ దాదాపు వెయ్యి చేపలున్నాయని అంచనా. దీనికి కొన్ని షరతులున్నాయి. గుర్తులు ఊడిపోకూడదు, గుర్తున్నవి మిగతావాటితో బాగా కలిసిపోవాలి, మధ్యకాలంలో రాకపోకలు పెద్దగా ఉండకూడదు. ఉప్పుటేరు వైపు తెరిచి ఉన్న కొల్లేరు మొత్తానికి ఈ మూడో షరతు చెల్లదు కనుక, ఒక్కసారి చేసి వదిలేస్తే కుదరదు, పలుమార్లు చేయాలి. మూసుకుపోయిన మడుగుల్లో మాత్రం ఎండాకాలంలో ఇది హాయిగా చేయవచ్చు. గుర్తు ఉన్న చేప వలలో పడితే తెచ్చి చూపించే బాధ్యత మాది.

ఇక అసలు విషయానికి వస్తున్నాం. ఒకే నీటిలో చేపను, పక్షిని కలిపి చూడకపోతే పక్షుల సంఖ్యకు అర్థం చెప్పడమే కష్టం. గూడబాతు (పెలికన్) తెరిపి నీటి మీద ఈదుతూ ముక్కు కింది సంచితో చేపను దేవుతుంది. నీటికాకి మునిగి తరుముతుంది. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతు కూడా లేని నీటిలో ముక్కు తెరిచి పెట్టి, తగిలిన చిన్న చేపను పట్టుకుంటుంది. నత్తగుల్ల కొంగకు చేపతో పనే లేదు, దానికి నత్తలు కావాలి. బొల్లికోడి ఎక్కువగా నీటి మొక్కల మీద బతుకుతుంది. కాబట్టి ఒక వేసవిలో ఎర్రకాళ్ల కొంగలు పెరిగాయంటే చేపలు పెరిగాయని కాదు, నీరు తగ్గి చిన్న చేపలు ఇరుకు మడుగుల్లో చిక్కుకుని ఉండవచ్చు. అదే ఏడాది నీటికాకులు తగ్గితే వాటికి కావలసిన లోతు లేకపోయి ఉండవచ్చు. బొల్లికోళ్లు పెరిగితే గుర్రపుడెక్క, కలుపు ముదిరి తెరిపి నీరు కుంచించుకుపోయి ఉండవచ్చు, అది గూడబాతుకు చేటు. ఇలాంటి చోట పక్షులన్నింటినీ కలిపి ఒక్క మొత్తంగా ప్రకటించడం, రాబడి రాయకుండా ఖర్చు మాత్రమే రాసిన పద్దు పుస్తకాన్ని చూపి ఇల్లు బాగుందని చెప్పడం వంటిది. నీటి లోతు, చేప పరిమాణం, పక్షి జాతి, ఈ మూడూ ఒకే రోజున ఒకే పుటలో ఉంటేనే ఎవరైనా ఏదైనా చెప్పగలరు.

పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో, తాడేపల్లిగూడెం సమీపాన, గూడబాతులు గూళ్లు కట్టుకునే పెద్ద స్థావరాన్ని గుర్తించి 1949లో దాని గురించి ప్రచురించారు. అప్పట్లో అక్కడ దాదాపు మూడు వేల పక్షులు గూళ్లు కట్టుకున్నట్టు చెబుతారు. 1970ల మధ్యకు ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. తరువాతి కాలంలో గూడబాతులు తిరిగి వచ్చి కైకలూరు దగ్గర ఆటపాకలో, అటవీ సిబ్బంది నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడుతున్నాయి. ఎందుకు వెళ్లాయి? ఎందుకు వచ్చాయి? చెట్లు నరికినందుకా, మనుషుల అలికిడికా, పురుగుమందులకా, చేప తగ్గినందుకా? ఆ సంవత్సరాల చేపల లెక్క ఒకటి ఆ పక్షుల లెక్క పక్కన పెట్టి చూద్దామని అడిగితే మాకు ఎవరూ చూపలేకపోయారు. ఇప్పుడున్న పక్షులు రేపు వెళ్లిపోతే అప్పుడూ ఇదే పరిస్థితి.

కలిపి లెక్కించడం సాధ్యమేనని పక్క రాష్ట్రంలోని చిలికా చూపించింది. 2000 సెప్టెంబరులో ఆ సరస్సుకు సముద్రం వైపు కొత్త ముఖద్వారం తెరిచారు. రేవుల్లో దిగే చేపల దిగుబడిని, పక్షుల సంఖ్యను, నీటి ఉప్పదనాన్ని క్రమంగా నమోదు చేశారు. అందువల్లనే దిగుబడి పలు రెట్లు పెరిగిందని చూపగలిగారు. 2002లో రామ్‌సర్ ప్రమాద జాబితా నుంచి ఆ సరస్సు పేరు తొలగించారు. చిలికా ఉప్పునీరు కలిసిన సరస్సు, కొల్లేరు మంచినీటిది, రెండింటి సమస్యలూ ఒకటి కావు. ఒక సంస్థ బాధ్యత తీసుకుని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోవడం అనే భాగాన్ని మాత్రం మనం తెచ్చుకోవచ్చు.

ఈ లెక్క లేకపోవడం వల్ల సామాన్యుల మీద పడుతున్న భారం ఇది.

1. చేపల రైతుకు, పక్షికి మధ్య తగాదా తీరడం లేదు. సాగుచెరువు మీద గూడబాతులు, నీటికాకులు వాలితే రైతు నష్టపోతాడు, కాబట్టి టపాసులు పేలుస్తాడు, చెరువు మీద వల పరుస్తాడు. ఆ వలలో పక్షి చిక్కుకుని చస్తుంది, అప్పుడు కేసు భయం. పక్షి చెరువుకు ఎందుకు వస్తోంది? సరస్సులో చేప లేక వస్తుంటే బాగుచేయాల్సింది సరస్సును. సరస్సులో చేప ఉండగానే, చెరువులో చేప కిక్కిరిసి సులువుగా దొరుకుతుంది కనుక వస్తుంటే రైతుకు నష్టపరిహారమో, పక్షికి హాని చేయని రక్షణ పద్ధతో చూపాలి. గూళ్ల కింద పడిన, పిల్లలు కక్కిన చేపల జాతులను రాసుకుంటేనే ఇందులో సగం జవాబు దొరుకుతుంది, ఎందుకంటే రూప్‌చంద్ సాగుచేప, పరిగె సరస్సు చేప. ఈ చిన్న పని క్రమం తప్పకుండా జరగకపోవడం వల్ల గ్రామసభల్లో ఇరుపక్షాలూ ఊహలతోనే పోట్లాడుకుంటున్నాయి.

2. దోనె, నాలుగు వలలు మాత్రమే ఆస్తిగా ఉన్న కుటుంబానికి నష్టాన్ని రుజువు చేసుకునే దారి లేదు. చెరువు గల రైతు దగ్గర పిల్ల కొన్న రసీదు ఉంటుంది, మేత రసీదు ఉంటుంది. సరస్సులో వేటాడేవాడి దగ్గర ఏముంటుంది? ‘మా నాన్న రోజుల్లో ఇంత పడేది’ అనే మాట తప్ప కాగితం లేదు. గంపలో చిన్న చేపలు పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడవాళ్ల రాబడి తగ్గడాన్ని ఏ సర్వే గుర్తించింది? పరిగె వంటి చిన్న చేపలను ముల్లుతో సహా తింటారు కనుక పేద ఇళ్లలో పిల్లలకు కాల్షియం అందే దారుల్లో అదొకటి. అవి కరువైతే ఆ ఇళ్లు వాటి స్థానంలో ఖరీదైన సాగుచేప కొనవు, చేప తినడమే తగ్గిస్తాయి.

3. చేపలు చచ్చి తేలిన ప్రతిసారీ బాధ్యత ఎవరిదో తేలడం లేదు. పట్టణాల మురుగు, పొలాల పురుగుమందు, చెరువుల వ్యర్థజలం, ఎండాకాలంలో ఉప్పుటేరు మీదుగా ఎగదన్నే ఉప్పునీరు, వీటిలో ఏది కారణమో చెప్పాలంటే అంతకుముందు అక్కడ ఏ చేపలుండేవో తెలిసి ఉండాలి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక గాలి పీల్చుకోగలవు కాబట్టి ప్రాణవాయువు తగ్గిన నీటిలోనూ బతుకుతాయి. మిగతా జాతులు అంతకు ముందే కనుమరుగవుతాయి. వలలో గాలి పీల్చే జాతులే మిగులుతున్నాయంటే నీరు చెడిందనడానికి అది నెలల ముందే అందే హెచ్చరిక. ఆ హెచ్చరికను చదివే వ్యవస్థ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినప్పుడు ఆ నీరు చేరవలసిన చోటు కొల్లేరే. వరదకు ముందు, తరువాత చేపల్లో వచ్చిన మార్పు ఎంత అని అడిగితే మాకు దొరికిన జవాబు మౌనం.

4. పరాయి చేపల వ్యాప్తి అదుపు తప్పుతోంది. నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచుతున్నారు. తిలాపియా ఎప్పుడో స్థిరపడింది. ఒంటి నిండా గట్టి పలకలతో వలలు చింపే డెవిల్ ఫిష్ వల్ల మాకు వల నష్టం, రోజు నష్టం, అమ్మడానికి కొనేవాడు లేడు. వరదలో గట్లు తెగితే చెరువు చేప సరస్సులో కలుస్తుంది. ఏ మూలకు ఏది చేరిందో ముందుగా పసిగట్టడానికి నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించే పద్ధతి నేడు మన దేశంలోని ప్రయోగశాలలకూ అలవాటే. నీటి నమూనా తీసి పంపడమే కదా, ఎందుకు మొదలుపెట్టరు?

5. ఆధారం లేని ఆంక్షలు ముందుగా బలహీనుడినే కొడతాయి. ఎవరి వల ఎంత హాని చేస్తోందో లెక్క లేనప్పుడు, తనిఖీలో సులువుగా దొరికేది దోనెవాడి వలే.

పై విషయాలను బట్టి అధికారులను కోరుతున్నవి ఇవి.

1. అటవీ, మత్స్య, నీటిపారుదల, కాలుష్య నియంత్రణ విభాగాలు కలిసి కొల్లేరుకు ఒకే సర్వే ప్రణాళిక తయారుచేయాలి. తెరిపి నీరు, కిక్కిస దుబ్బులు, పగలగొట్టిన గట్ల ప్రాంతం, మురుగు కాలువలు కలిసే చోట్లు, ఉప్పుటేరు మొదలు, పక్షుల గూళ్ల స్థావరాల పరిసరాలు, వీటన్నింటిలో శాశ్వత నమూనా స్థలాలు నిర్ణయించాలి. ఆ స్థలాలను ఏటేటా మార్చకూడదు. కనీసం రెండు నెలలకోసారి చేపనూ పక్షినీ అదే వారంలో లెక్కించాలి.

2. చేపల నమూనాకు వేర్వేరు కన్నులున్న ప్రామాణిక వలలనే ప్రతిసారీ వాడాలి. ఎన్ని గంటలు నీటిలో ఉంచారో రాయాలి. జాతి, పొడవు, బరువు రాసుకున్నాక బతికున్నదాన్ని వదిలేయాలి. నీటికాకుల వంటి మునిగే పక్షులు అలాంటి వలల్లో చిక్కి ప్రాణం వదులుతాయి కనుక, పక్షుల గుంపులున్న చోట వల వేసి వదిలి వెళ్లకుండా మనిషి కాపలా ఉండాలి, లేదా ఆ చోట్ల మావులు (చేపలు పట్టే బుట్టలు) వాడాలి. చేపల బృందం, పక్షుల బృందం ఒకరి తేదీలు ఒకరికి చెప్పుకోకపోతే ఒకరి పరిశోధన మరొకరి పరిశోధనకు చేటు చేస్తుంది.

3. నీటిలో కరిగిన ప్రాణవాయువును తెల్లవారకముందే కొలవాలి. అది అన్నిటికన్నా తక్కువగా ఉండేది ఆ వేళలోనే. పదకొండు గంటలకు వచ్చి కొలిచి నీరు బాగుందని రాయడం మానుకోవాలి. లోతు, ఉప్పదనం కూడా అదే రోజు రాయాలి.

4. ఆటపాకతో సహా గూళ్ల స్థావరాలన్నింటిలో సంతానోత్పత్తి కాలమంతా గూళ్లను, ఎగిరే దశకు చేరిన పిల్లలను క్రమంగా లెక్కించాలి. మనిషి దగ్గరకు వెళ్తే తల్లిపక్షి లేచిపోతుంది, పిల్ల ఎండకు, కాకులకు దొరుకుతుంది, కాబట్టి దూరం నుంచే చూడాలి. డ్రోన్ వాడితే ఎంత ఎత్తులో ఎగరాలో ముందే నిర్ణయించాలి.

5. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. దానిని మేము ప్రశ్నించడం లేదు. దరఖాస్తు మీద నిర్ణయానికి ఒక గడువు పెట్టండి. ఒక ఋతువు పోయాక వచ్చిన అనుమతి ఆ ఏటి పరిశోధనకు పనికిరాదు. అనుమతి ఇచ్చేటప్పుడు, సేకరించిన లెక్కల నకలు స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి ఇవ్వాలనే షరతు పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోని ఈ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నిర్వహించాలి. ఆ రిజిస్టరులో కొల్లేరు చేపల పుట ఉత్త జాతుల పేర్లతో ఆగిపోకూడదు.

6. మత్స్యకారులను కూలికి పిలిచిన పడవవాళ్లుగా కాక, శిక్షణ పొందిన క్షేత్ర సహాయకులుగా నియమించి దినభత్యం ఇవ్వాలి. ఇంగిలాయి పొడిస్తే చేయి ఎన్ని రోజులు పనికిరాదో తెలిసినవాళ్లం, చేపను వల నుంచి ప్రాణంతో తీయడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రాయడం, కొలవడం నేర్పితే చాలు. బడి పిల్లలు కూడా పక్షుల లెక్కలో బాగా పనికొస్తారు.

7. ఫలితాలను సర్వే జరిగిన మూడు నెలల లోపు తెలుగులో ప్రచురించి పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలి. పెరిగినా తగ్గినా అంటించాలి. లెక్కలో ఎంత మేరకు హెచ్చుతగ్గులకు ఆస్కారముందో కూడా అదే కాగితం మీద రాయాలి.

8. వరుసగా కనీసం మూడేళ్ల లెక్కలు చేతికి వచ్చేవరకు కాంటూరు మార్పును సమర్థిస్తూ గాని వ్యతిరేకిస్తూ గాని పక్షుల, చేపల సంఖ్యలను వాదనగా చూపకూడదు. కాంటూరు ఎక్కడ ఉండాలనే దాని మీద మా ఊళ్లలోనే ఏకాభిప్రాయం లేదు, ఈ లేఖ మీద సంతకం చేసిన వారిలోనూ లేదు. లెక్క కావాలనే విషయంలో మాత్రం అందరం ఒక్కటే.

పరిశోధకులకు ప్రత్యేకంగా రెండు మాటలు. మా దోనెల్లో తిరిగి, మా నోటి నుంచి చేపల పేర్లు, పట్టే తావులు రాసుకుని, పట్టా పుచ్చుకుని వెళ్లినవారు ఉన్నారు. వారి పరిశోధన పత్రాలు ఎక్కడో ఇంగ్లిష్ పత్రికల్లో అచ్చయి ఉంటాయి. మా చేతికి ఒక్క కాగితం రాలేదు. మీరు మళ్లీ వచ్చినప్పుడు పడవ దొరకదని మేము అనడం లేదు. మీ సిద్ధాంత గ్రంథం సమర్పించిన రోజునే దాని సారాంశం నాలుగు పుటల తెలుగులో మాకు ఇవ్వండి, మూల గణాంకాలను తరువాతి పరిశోధకుడు వాడుకునేలా ఒకచోట భద్రపరచండి. ఒకరు వాడిన వల కన్ను, ఎంచుకున్న తావు, తరువాతివారికి తెలియకపోవడం వల్ల ప్రతి పరిశోధనా మొదటి నుంచే మొదలవుతోంది, పోల్చి చూడడానికి రెండు సంవత్సరాలు కూడా దొరకడం లేదు. పక్షుల మీద పనిచేసేవారు చేపల విభాగంలోని వారిని, చేపల మీద పనిచేసేవారు పక్షుల విభాగంలోని వారిని తమ బృందంలో చేర్చుకోవాలని ఆచార్యులు షరతు పెట్టవచ్చు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

ఈ లేఖ అందిన ఆరు వారాల లోపు మా విన్నపాల మీద ఏం నిర్ణయించారో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. మొదటి సర్వే వచ్చే వర్షాలకు ముందు, నీరు బాగా తగ్గి మడుగులు విడిపోయి ఉండే రోజుల్లోనే మొదలుకావాలి, లేకుంటే పోల్చడానికి మరో ఏడాది ఆగాలి. దాని కోసం జరిపే ఉమ్మడి సమావేశాన్ని జిల్లా కేంద్రంలో కాక ఏదైనా ఒక లంక గ్రామంలో పెట్టండి. పొద్దున్నే పెట్టకండి, ఆ వేళ వలలు ఎత్తే వాళ్లెవరూ రాలేరు. మధ్యాహ్నం మూడు తరువాత అయితే అందరం ఉంటాం.

ఇట్లు,
కొల్లేరు లంక గ్రామాల మత్స్యకారులు, ఉపాధ్యాయులు, పక్షుల గణన కార్యకర్తలు